చేసి చూపెట్టు, పోశన్నా

బైపాస్ ఆపరేషన్ అయిన ఐదో రోజు పొద్దున నర్సు షీరీన్ పోశన్నకు మాత్రల గురించి, గాయం గురించి, ఉప్పు గురించి హిందీలో చెప్పింది. ప్రతి మాటకూ పోశన్న తల ఊపాడు. "సమ్‌ఝా సిస్టర్" అన్నాడు. ఆమె చెప్పడం అయిపోయింది. తర్వాత అపూర్వ వచ్చింది.

అపూర్వ ఆ వార్డులో ఫిజియోథెరపిస్టు. ఊరు కాకినాడ. దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు భర్తతో ఉంటుంది. గుండె ఆపరేషన్ అయినవాళ్లు ఇంటికి పోయే ముందు నేర్చుకోవాల్సినవి నేర్చుకున్నారో లేదో చూడటం ఆమె పని. ఆమె సరే అనకుండా డాక్టరు డిశ్చార్జి రాయడు.

"పోశన్న గారూ, సిస్టర్ చెప్పింది అర్థమైందాండీ?" అని అడిగింది.

"మనోళ్ళేనా మేడం? ఎక్కడ మీది?"

"కాకినాడండి."

"మాది జగిత్యాల జిల్లా. కోరుట్ల దగ్గర."

"సంతోషం. అర్థమైందా?"

"అంత సమజైంది. ఫస్ట్ క్లాస్."

"అయితే పొద్దున మంచం మీంచి ఎలా లేస్తారో చేసి చూపించండి. ఇక్కడ లేచినట్టు కాదు. మీ గదిలో లేచినట్టు."

పోశన్న వెల్లకిలా పడుకున్నాడు. కళ్లు మూసి తెరిచాడు. కుడి చెయ్యి పైకి లేచింది. వేళ్లు గాలిలో దేన్నో పట్టుకోబోయి మూసుకున్నాయి. అపూర్వ ఆ మణికట్టు పట్టి, కిందికి దించి, ఛాతీ మీద పెట్టింది.

"చెయ్యి ఎందుకెత్తారు?"

"నేనెత్తలే మేడం."

పక్కన కుర్చీలో కూర్చున్న సురేందర్ నవ్వాడు. అతనిది పోశన్న ఊరే. వరుసకు మేనల్లుడు. ఇద్దరూ ఒకే కంపెనీలో స్కాఫోల్డింగ్ పని చేస్తారు. బిల్డింగుల చుట్టూ ఇనుప పైపులతో మంచెలు కట్టే పని. పోశన్న ఆ గ్యాంగ్‌కు ఫోర్‌మన్.

"ఎత్తినవ్ మామా," అన్నాడు సురేందర్. "పైపు కోసం ఎత్తినవ్. మేడం, మా రూంల మంచం మీద మంచం ఉంటది. కిందోడు పై మంచం పైపు పట్టి గుంజుకొని లేస్తడు. క్యాంప్ల అందరం గంతే. ఇంకోతీరుగ లేసుడు మాకు రాదు."

"రోజూనా?"

"ఇరువై ఏండ్ల సంది," అన్నాడు పోశన్న.

"అయితే మిమ్మల్ని రేపు పంపలేను," అంది అపూర్వ.

పోశన్నకు ఆ మాట నచ్చలేదు. నాలుగో వారంలో డాక్టరు చూసి సరేనంటే విమానం ఎక్కవచ్చని, రెండు నెలలు ఇంటి దగ్గర ఉండవచ్చని కంపెనీ చెప్పింది. భార్య భూమవ్వ రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఎప్పుడొస్తున్నావని అడుగుతోంది. ఇక్కడ ఒక రోజు ఆలస్యమైతే అక్కడ ఒక రోజు ఆలస్యమవుతుందని అతని లెక్క.

"మేడం, నేను మందికి చెప్పెటోణ్ణి," అన్నాడు. "పొద్దుగాల డ్యూటీ మొదలుగాకముందు గ్యాంగును నిలబెట్టి నేనే చెప్త. హార్నెస్ బెల్టు ఎట్లేస్కోవాలె, హుక్కు ఎక్కడ తగిలియ్యాలె, గాలస్తే ఎట్ల దిగాలె. నేపాలోళ్ళు, బంగ్లావోళ్ళు, బీహారోళ్ళు, మనోళ్ళు, అందరు ఇంటరు. నా గ్యాంగ్‌ల ఇప్పటిదాంక ఒక్కడు పడలే."

"వాళ్లకు అర్థమైందని మీకెలా తెలుస్తుందండీ?"

"అడిగితే తెలువది. అడిగితే అందరు సమ్‌ఝా అనే అంటరు. తలకాయ ఊపుతరు. తలకాయ ఊపుడు నమ్మితే మనిషి పోతడు. నేను నమ్మ. హార్నెస్ చేతికిచ్చి, ఏస్కొని చూపెట్టు బిడ్డా అంట. చూస్తే సగం మంది ఉల్టా ఏస్కుంటరు."

సురేందర్ నేలకేసి చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పోశన్న ఇద్దర్నీ చూశాడు. తన కుడి చేతిని చూసుకున్నాడు.

"నేను ఉల్టా ఏస్కున్న," అన్నాడు.

"అవునండి."

"మల్ల చెప్పుండ్రి. మొదటి నుంచి."

అపూర్వ కంప్యూటర్‌లో అతని ఎక్స్‌రే తెరిచింది. గుండె దగ్గరికి పోవడానికి ఛాతీ మధ్య ఎముకను నిలువునా కోసి తెరిచారని, పని అయ్యాక దగ్గరికి చేర్చి స్టీలు తీగలతో కట్టారని చెప్పింది. ఎక్స్‌రేలో ఆ తీగలు ఒకదాని కింద ఒకటి, మెలికలతో, తెల్లగా కనపడ్డాయి.

పోశన్న తెర దగ్గరికి వంగాడు. "బైండింగ్ వైరు లెక్కనే ఉన్నది. ఎన్నో నంబర్ వైరు?"

"నాకు తెలీదండి. సర్జన్‌ను అడగాలి."

"అడుగుండ్రి. మెలి మంచిగేసిండు. కొసలు లోపలికి మలిచిండు. మా పోరగాళ్ళకు ఎంత చెప్పినా కొసలు మలువరు."

"తీగ ఎముకను పట్టి ఉంచుతుంది, అంతే. అతుక్కోవాల్సింది ఎముక. దానికి మూడు నెలలు పడుతుంది. మీకు వారంలోనే నొప్పి తగ్గినట్టుంటుంది, బాగానే ఉన్నాననిపిస్తుంది. అప్పుడే ప్రమాదం."

"స్లాబ్ పోసినంక సెంట్రింగ్ ఉంచుతం చూడుండ్రి, గట్లనే," అన్నాడు పోశన్న. "మీదికెల్లి చూస్తే గట్టిగనే కనవడ్తది. గట్టిగైందని తొందరవడి విప్పినోడు స్లాబ్ కిందనే ఉంటడు. సరే, పైపు గుంజితే ఏమైతది?"

"ఒక్కసారికి ఏమీ కాకపోవచ్చు. రోజూ గుంజితే తీగ ఎముకను కోసుకుంటూ పోతుంది. దగ్గినప్పుడు, పక్కకు తిరిగినప్పుడు ఛాతీలో టిక్కుమంటుంది. అది వినపడితే వెంటనే రావాలి. పోయినేడు ఒకాయన ఇంకో ఆసుపత్రి నుంచి వచ్చాడు. ఆయనకు చప్పుడు వినపడింది. పోతుందిలే అనుకున్నాడు. మళ్లీ తెరవాల్సి వచ్చింది."

"ఆయన గూడ సమ్‌ఝా అన్నడా?"

"అనే ఉంటాడండి."

ఆ సాయంత్రం సురేందర్ కంపెనీ లేబర్ క్యాంప్‌కు పోయి గది వీడియో తీసి పంపాడు. అలా పంపమని అపూర్వే అడిగింది. ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ గదిలో నలుగురుంటారు. పోశన్న, అతని పై మంచం మీద నగేష్. ఎదుటి మంచంలో కింద నాగూర్, పైన సురేందర్. పోశన్న మంచం మోకాలి ఎత్తుకు తక్కువే. ఒక వైపు గోడ. కూర్చుంటే తల పై మంచానికి తగులుతుంది కాబట్టి మెడ వంచాలి. మంచం పక్కన బియ్యం బస్తా, నీళ్ల క్యాన్ ఉన్నాయి. వీడియో చివర సురేందర్ పడుకుని పైపు పట్టుకుని లేచి చూపించాడు. అతని బరువంతా రెండు చేతుల మీదే పడింది.

మరుసటి పొద్దున అపూర్వ వ్యాయామ గదిలో మంచాన్ని ఎంత దిగితే అంత దించింది. దాన్ని గోడకు చేర్చింది. సెలైన్ సీసా తగిలించే స్టాండ్లు రెండు తెచ్చి, వాటి మధ్య కర్రను అడ్డంగా బ్యాండేజీ గుడ్డతో కట్టింది. వీడియోలో పై మంచం ఎంత ఎత్తులో ఉందో కర్ర అంత ఎత్తులో ఉంది.

పోశన్న మంచం కన్నా ముందు కర్రను చూశాడు. కట్టును వేలితో కదిపాడు.

"ఇది ఎవలు కట్టిండ్రు?"

"నేనేనండి."

"దీనికి రెడ్ ట్యాగ్, మేడం. ఎవ్వలు ఎక్కద్దు."

మంచె కట్టాక తనిఖీ చేసి, బాగుంటే పచ్చ చీటీ, లేకపోతే ఎర్ర చీటీ వేలాడదీయడం అతని పని. అతను చెబుతుంటే సురేందర్ ఆ కట్టు విప్పి మళ్లీ కట్టాడు. అపూర్వ పక్కన నిలబడి ఎలా కడుతున్నాడో చూసింది. తర్వాత పాఠం మొదలుపెట్టింది.

మొదట మోకాళ్లు మడవాలి. నడుము, భుజాలు కలిపి ఒకేసారి పక్కకు తిరగాలి. కాళ్లు మంచం మీంచి కిందికి దించాలి. కాళ్లు దిగుతుంటే ఆ బరువుకు పై ఒళ్లు లేస్తుంది. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించే ఉంచాలి. రెండు చేతులూ ఛాతీకి దిండు అదుముకుని ఉండాలి. తల వంచి బయటికి తెచ్చాకే నిలబడాలి. నిలబడేది తొడల బలంతో, చేతుల బలంతో కాదు.

మొదటిసారి పోశన్న తల కర్రకు కొట్టుకుంది. రెండోసారి దిండు జారింది. మూడోసారి నిలబడ్డాడు.

"ఐదు నెలల పిలగాడు బోర్ల వడ్డట్టున్నది," అన్నాడు.

"పిల్లలకు ఎవరూ నేర్పరు కదండీ. మీకు నేర్పాలి, అదీ తేడా."

మధ్యాహ్నానికి చూడకుండా చెయ్యగలిగాడు. అపూర్వ మధ్యలో మాటల్లో పెట్టి, ఊరి సంగతి అడిగి, హఠాత్తుగా లేవమంది. అప్పుడూ సరిగ్గానే లేచాడు. సురేందర్ చప్పట్లు కొట్టాడు. పోశన్న అతని వైపు చూడలేదు గాని దిండును మంచం మీద పెట్టేటప్పుడు మడత సరిచేసి పెట్టాడు.

తెల్లవారి మందులివ్వడానికి వచ్చిన షీరీన్ అతన్ని పేరు పెట్టి పిలిచింది. పోశన్న నిద్రలోంచి లేచాడు. కళ్లు తెరవకముందే చెయ్యి పైకి పోయింది. ఆమె అది అపూర్వకు చెప్పింది.

"మెలకువలో నేర్చుకున్నారు. నిద్రలో ఉన్న చేతికి ఇంకా తెలీదు," అంది అపూర్వ. డిశ్చార్జి శనివారానికి మారింది.

పోశన్నకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. "ఇరువై ఏండ్లు చెప్పినట్టు ఇన్న చెయ్యి," అన్నాడు. "ఇప్పుడు ఇంటలేదు."

"చేతికి పాఠం చెప్పలేం. పైపే లేకపోతే?"

"పైన నగేష్ పంటడు మేడం."

"పై మంచం దించేస్తే?"

"వద్దు," అన్నాడు పోశన్న. "రూంల జాగ లేదు. నా కోసం వాడు తిప్పలవడద్దు. నేను ఒకళ్ళకు చేసెటోణ్ణే గని, ఒకళ్ళతోని చేపిచ్చుకునెటోణ్ణి కాదు. తాపకో హెల్పర్‌ను పిలిచెటోడు ఫోర్‌మన్ ఎట్లైతడు?"

"గదికి పోయాక నీళ్ల క్యాన్ ఎవరు ఎత్తుతారు?"

పోశన్న సురేందర్ వైపు చూశాడు.

"బియ్యం బస్తా? మీ వంట పాళీ వచ్చిన రోజు అన్నం గిన్నె ఎవరు దించుతారు? మూడు నెలలు ఎత్తొద్దు, తొయ్యొద్దు, గుంజొద్దు అంటే, అవన్నీ వేరేవాళ్లు చేస్తారని అర్థం. మీరు నేర్చుకోవాల్సిన వాటిలో అది కూడా ఉందండి. మంచం దిగడం కన్నా అది కష్టం, నాకు తెలుసు."

సురేందర్ అక్కడే ఉన్నాడు. అతను మామను ఇంకేమీ అడగలేదు. బయటికి పోయి నగేష్‌కు ఫోన్ చేశాడు.

ఆ రోజు రాత్రి డ్యూటీ దిగాక నగేష్, నాగూర్ క్యాంప్ బాస్ రహమతుల్లా దగ్గరికి పోయారు. కంపెనీ మంచాలు విప్పడానికి ఆఫీసు పర్మిషన్ కావాలని రహమతుల్లా అన్నాడు. నగేష్ అపూర్వకు ఫోన్ కలిపి అతని చేతిలో పెట్టాడు. ఆమె చెప్పింది విని, అతను ఫోన్ తిరిగిచ్చాడు.

"చూడు భాయ్," అన్నాడు హిందీలో. "తనిఖీకి వచ్చేవాళ్లు గదిలో మంచాలు లెక్కపెడతారు. నాలుగు ఉండాలి. ఒకదాని మీద ఒకటి ఉండాలని ఎవరూ నాతో చెప్పలేదు. యల్లా, పని చూసుకో."

వాళ్లు మంచెలు విప్పే మనుషులు. పై మంచం బోల్టులు ఊడదీసి కిటికీ కింద నేల మీద పెట్టారు. తలుపు సగమే తెరుచుకుంది. నగేష్ రెండుసార్లు లోపలికీ బయటికీ నడిచి చూసి, పక్కకు తిరిగి వస్తే సరిపోతుందన్నాడు.

శుక్రవారం సెలవు. ముగ్గురూ స్నానాలు చేసి, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని ఆసుపత్రికి వచ్చారు. పోశన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సంగతి విని నగేష్ వైపు చూశాడు.

"ఎవ్వన్నడిగి విప్పినవ్‌రా?"

"అడిగితే వద్దంటవ్ గదన్నా. అందుకే అడుగలే."

"ఎట్ల విప్పినవ్?"

"మీదికెల్లి కిందికే విప్పిన. నువ్వు నేర్పిన తీరుగనే."

"బోల్టులు?"

"డబ్బల ఏసి దాచిన."

"మంచిగ చేసినవ్," అన్నాడు పోశన్న. నగేష్‌కు ఆ మాట సైట్‌లో ఏడాదికి ఒకసారి దొరుకుతుంది. అతను సురేందర్ వైపు తిరిగి కనుబొమలెగరేశాడు.

అప్పుడు అపూర్వ లోపలికి వచ్చింది. ముగ్గుర్నీ వరసగా నిలబడమంది.

"ఈ రోజు నేను ఏమీ అడగనండి," అంది పోశన్నతో. "మీరు పొద్దున గ్యాంగ్‌కు చెప్పినట్టు వీళ్లకు చెప్పండి. వీళ్లు అడుగుతారు. జవాబులు సరిగ్గా ఉంటే రేపు పంపిస్తాను."

పోశన్న దిండు అదుముకుని లేచి నిలబడ్డాడు. ఆసుపత్రి గౌను వెనక ముడి సరిగ్గా ఉందో లేదో తడుముకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇనుండ్రి. ఇయ్యాల్టి పని నా పెయ్యి, నా ఒళ్ళు. దీనికి రెడ్ ట్యాగ్ ఉన్నది. మూడు నెలల దాంక తీసేది లేదు. డాక్టర్ తీస్తడు, నేను తియ్య, మీరు తియ్యరు."

దగ్గు వస్తే దిండును ఛాతీకి గట్టిగా అదిమి దగ్గి చూపించాడు. తుమ్ముకు కూడా అంతే అన్నాడు. గుండెకు వెయ్యడానికి రక్తనాళం తీసిన ఎడమ కాలును చూపించి, కూర్చున్నప్పుడు ఎత్తు మీద పెట్టాలన్నాడు. పొద్దున లేవగానే బరువు చూసుకోవాలని, రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు నీళ్లని, ఫోన్ చెయ్యాలని చెప్పాడు.

"ఎందుకు పెరుగుతది మామా? పన్లేకుండ కూసుంటే పెరుగుతది గదా," అన్నాడు సురేందర్.

"కూసుంటే రెండు దినాలల్ల రెండు కిలోలు పెరుగుతదారా? గట్లైతే క్యాంప్ బాస్ ఈపాటికి తలుపుల పట్టకపోవు."

నాగూర్‌ది రాయచోటి. గదిలో వంట బాగా చేసేది అతనే. "ఉప్పు సంగతేందన్నా? నువ్వు ఆవకాయ లేకుండా ముద్ద ఎత్తవు కదా."

"నా కూర ఉప్పెయ్యకముందే తీసిపెట్టాలె. ఆవకాయ డబ్బ నీ మంచం కింద పెట్టుకో. నేను అడిగినా ఇయ్యద్దు."

"తిడతావు."

"తిడ్త. అయినా ఇయ్యద్దు."

"వంట పాళీ?"

పోశన్న అపూర్వ వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు చూస్తోంది.

"నా పాళీ మీరు ముగ్గురు పంచుకోవాలె," అన్నాడు. ఆ మాట చెప్పడానికి అతనికి కొంత సమయం పట్టింది. "ఉల్లిగడ్డలు కోసిస్త. కూసొని కోస్త. గిన్నె మాత్రం దించ. నీళ్ల క్యాన్ ముట్ట. అడిగితే మీరే తేవాలె. నేను అడుగుత."

"అడుగుతవా?" అన్నాడు నగేష్.

"అడుగుత అన్న గదా."

ఒక పూట మాత్ర మరిచిపోతే ఏం చేస్తావని సురేందర్ అడిగాడు. మరుసటి పూట రెండు కలిపి వేసుకోనని, ఒక్కటే వేసుకుంటానని, మంచిగున్నదని తనంతట తాను ఏ మాత్రా ఆపనని పోశన్న చెప్పాడు. బీడీ సంగతి అడిగితే, ఆపరేషన్ రోజు నుంచి లేదు, ఇక లేదు అన్నాడు.

"మల్ల జ్వరమస్తే?" అన్నాడు నగేష్.

"పానడాల్ ఏస్కుంట."

పోశన్న ఏ తడుముడూ లేకుండా చెప్పాడు. అక్కడ అందరూ వేసుకునే పారాసెటమాల్ మాత్ర అది. ముగ్గురూ తల ఊపారు. అపూర్వ కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగింది.

"జ్వరం వచ్చిందని మీ క్యాంప్‌లో ఎవరికి చెప్తారండీ?"

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎవ్వలకు చెప్పం మేడం," అన్నాడు సురేందర్. "చెప్పితే క్లినిక్ పోవాలె, డ్యూటీ పోతది. రెండు పానడాల్ ఏస్కొని బస్సెక్కుతం. తలకాయ నొస్తే పానడాల్. నడుం నొస్తే పానడాల్. మా క్యాంప్ల అన్నం లేకున్నా నడుస్తది, పానడాల్ లేకుంటే నడువది."

"పోశన్న గారూ, గుండె నొప్పి మొదలైన రోజు ఏం వేసుకున్నారు?"

నగేష్ చెప్పాడు. "పానడాలే మేడం. ఛాతి పట్టేసిందన్నడు. రెండు దినాలు గట్లనే డ్యూటీకి అచ్చిండు. మూడో దినం మెట్ల మీద కూసున్నడు. మల్ల లేవలే."

అపూర్వ గొంతు పెంచలేదు.

"గాయం లోపల చీము పడితే మొదట తెలిసేది జ్వరంతోనే. పానడాల్ వేస్తే జ్వరం తగ్గుతుంది. చీము తగ్గదు. అది లోపల పని చేసుకుంటూ పోతుంది. జ్వరం మీ ఒళ్లు మీకు చెప్తున్న మాట. మీరు దాని నోరు మూస్తున్నారు. ఒళ్లు వేడిగా అనిపిస్తే ముందు చూసుకోవాలి. థర్మామీటర్ ముప్పై ఎనిమిది చూపిస్తే ఏదీ వేసుకోకుండా మాకు ఫోన్ చెయ్యాలి. గాయం ఎర్రబడినా, తడి కారినా అంతే. ఛాతీలో నొప్పి వచ్చి తగ్గకపోతే మాకు కాదు, నేరుగా అంబులెన్సుకు చెయ్యాలి."

పోశన్న ముగ్గురి వైపు తిరిగాడు.

"ఇన్నరా? మల్ల చెప్తున్న. జ్వరమస్తే పానడాల్ లేదు. నేను చెప్పాలె. నేను చెప్పకుంటే మీరు చెప్పాలె. సురేందర్, ఏమన్న, చెప్పు."

"జ్వరమస్తే చెప్పాలె."

"ఎవలకు?"

"దవాఖానకు. ఫోన్ చేసి."

"నగేష్, నువ్వు చెప్పు. తలకాయ ఊపద్దు, నోటితోని చెప్పు."

నగేష్ చెప్పాడు. నాగూర్ చెప్పాడు. అపూర్వ జేబులోంచి పెన్ను తీసింది.

శనివారం పోశన్న క్యాంప్‌కు వచ్చాడు. మొదటి పొద్దున చెయ్యి పైకి లేచింది. పైన ఏమీ లేదు. చెయ్యి కాసేపు గాలిలో ఉండి కిందికి దిగింది. పోశన్న పక్కకు తిరిగి, కాళ్లు దించి లేచాడు. రోజూ కారిడార్‌లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేవాడు. మాట్లాడుతూ నడవగలిగితే వేగం సరిపోయినట్టు, మాట తెగితే తగ్గించుకోవాలి అని అపూర్వ చెప్పింది. అందుకని భూమవ్వతో ఫోన్‌లో మాట్లాడుతూ నడిచేవాడు. టికెట్ ఏ వారం తీయాలో ఇద్దరూ అనుకున్నారు. వచ్చిన రోజు వాకిట్లో ఎవరెవరు ఉండాలో కూడా భూమవ్వ అనుకుంది.

మూడో వారం మధ్యలో ఒక పొద్దున పోశన్నకు చలితో మెలకువ వచ్చింది. ఏసీ ఆపమన్నాడు. ఆపారు. చలి పోలేదు. సురేందర్ ఫార్మసీలో కొనిపెట్టిన థర్మామీటర్‌ను పోశన్న చంకలో పెట్టుకుని ఎవరికీ కనపడకుండా చూసుకున్నాడు. ముప్పై ఎనిమిది దాటింది. గేటు దగ్గర బస్సు హారన్ కొట్టింది. ముగ్గురూ బూట్లు వేసుకుంటున్నారు.

పానడాల్ పట్టీ గూట్లోనే ఉంది. డాక్టరు చూసేది మరుసటి వారం. జ్వరమంటే టికెట్ వెనక్కి పోతుంది. అది పోశన్నకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఛాతీ మీద గాయం బాగుంది, నొప్పి లేదు, టిక్కుమన్న చప్పుడు లేదు. అతను గూడు వైపు చూశాడు. నగేష్ అతన్ని చూశాడు.

"ఏందన్నా, పెయ్యి మంచిగలేదా?"

ఆ క్యాంప్‌లో ఆ ప్రశ్నకు ఒకటే జవాబు, మంచిగనే ఉన్నదని. పోశన్న ఇరవై ఏళ్లుగా ఆ జవాబే చెప్పాడు.

"లేదు," అన్నాడు. "నాకు జ్వరమున్నది. ముప్పై ఎనిమిది దాటింది. సురేందర్, ఫోన్ అందియ్యి."

పోశన్న తానే ఫోన్ చేశాడు. హిందీలో పేరు చెప్పాడు, ఆపరేషన్ తేదీ చెప్పాడు, జ్వరమెంతో చెప్పాడు, ఏ మాత్రా వేసుకోలేదని చెప్పాడు. అవతలివాళ్లు వెంటనే రమ్మన్నారు. సురేందర్ ఆ రోజు బస్సెక్కలేదు. రహమతుల్లా తన కారు తీశాడు. కారు తలుపు సురేందర్ తీసేదాకా పోశన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

చీము ఛాతీలో కాదు, కాలులో ఉంది. రక్తనాళం తీసిన చోట, మోకాలి కింద, కుట్ల లోపల. పైకి కొద్దిగా ఎరుపే కనపడింది. డాక్టరు శుభ్రం చేసి కట్టు కట్టాడు. రక్తం పరీక్షకు పంపాడు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంజెక్షన్లు తీసుకోవాలన్నాడు. ఛాతీ ఎక్స్‌రేలో తీగలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎముక అతుక్కుంటోంది. ఇంకో రెండు మూడు రోజులు పానడాల్‌తో గడిపి ఉంటే విషం ఒళ్లంతా పాకేదని డాక్టరు చెప్పాడు. విమానం సంగతి రెండు వారాల తర్వాత చూద్దామన్నాడు.

అపూర్వ వార్డు పని అయ్యాక వచ్చింది. అతని ఛాతీ మీద అరచెయ్యి ఆనించి దగ్గమంది. పోశన్న దిండు తీసుకుని దగ్గాడు.

"గట్టిగా ఉందండి," అంది.

"కట్టినోడు మంచిగ కట్టిండు మేడం."

"కాపాడినవాళ్లు కూడా."

పోశన్న దిండు వైపు చూశాడు. ఆమె పోయేటప్పుడు, పక్క గదిలో నిర్మల్ నుంచి వచ్చిన పేషెంటు ఒకతను ఉన్నాడని, రేపు అతనికి మంచం దిగడం నేర్పాలని, వీలైతే రమ్మని అంది. చెప్తే ఏమంటున్నాడని పోశన్న అడిగాడు. సమ్‌ఝా సమ్‌ఝా అంటున్నాడు అంది ఆమె.

"అస్త," అన్నాడు పోశన్న. "నాతోని ఒక్కపారి అననియ్యుండ్రి సూస్త."

సాయంత్రం భూమవ్వ ఫోన్ చేసింది.

"టికెట్ అయిందా?"

"కాలే. రెండు వారాలు ఆగాలె. జ్వరమచ్చింది. కాలుల చీమువట్టింది. తీసిండ్రు. ఇప్పుడు మంచిగున్న."

"అయ్యో. నీకు జ్వరమని వాళ్ళకెట్ల ఎరుకైంది? పడిపోయినవా?"

"పడలే."

"మల్ల?"

"నేనే చెప్పిన. ఫోన్ చేసి చెప్పిన."

ఛాతి నొప్పి వచ్చిన రెండు రోజులూ భూమవ్వ అతనితో మాట్లాడింది. పెయ్యి మంచిగున్నదా అని రోజూ అడిగింది. మంచిగున్నదనే అతను చెప్పాడు.

"నువ్వే చెప్పినవా?" అంది.

"నేనే."

ఆమె ఫోను చెవికి దూరంగా పెట్టింది. వాకిట్లో ఎవరో ఉన్నారు. వాళ్లతో అన్న మాటలు పోశన్నకు వినపడ్డాయి. "టికెట్ రెండు వారాలు ఆగిందటనే ఒదినే. దోహాల మా ఆయనకు జ్వరమస్తే, ఎవలు అడుగకముందే తానే దవాఖానకు ఫోన్ చేసి చెప్పిండట. అవునే, మా ఆయననే."

అవతల ఒదిన ఏదో అడిగింది. భూమవ్వ మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. పోశన్న ఫోను పెట్టెయ్యలేదు. కాలు ఎత్తు మీద పెట్టుకుని చివరిదాకా విన్నాడు.